మొదట నోరు తెరిచినవారు

పరిశోధకురాలికి ఇంకొక్క బేరం కావాలి. అది శుక్రవారం సాయంత్రం విశ్వవిద్యాలయం ఆఫీసు మూసేలోపు కావాలి.

కంపెనీల మధ్య బేరాలు ఎలా తెగుతాయన్నది ఆమె పరిశోధన. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కూర్చున్న గదిలో ఒక మూల కుర్చీ వేసుకుని, ఎవరు ఏమడిగారో, ఎవరు ఎక్కడ మెత్తబడ్డారో రాసుకుంటుంది. మాట్లాడదు, తల ఊపదు, నవ్వదు. ఆమె నోరు తెరిస్తే ఆ బేరం లెక్కలోకి రాదు. ఆ నియమం పెట్టుకున్నది ఆమే. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు. మూడోసారి అడిగితే పేరు కొట్టేస్తామని ఆఫీసు గుమాస్తా చెవిన వేశాడు.

ఆమె గైడును విద్యార్థులు చాటుగా 'అయితే సార్' అంటారు. ఎన్ని పేజీలు ఇచ్చినా చివరిదాకా చదివి, కళ్ళద్దాలు తీసి, "అయితే?" అంటాడు. ఆ ఒక్క మాటకు జవాబు దొరక్క చదువు మానేసి పెళ్ళి చేసుకున్నవాళ్ళున్నారు.

చివరి బేరం పిన్ని చూపించింది. పిన్ని సూట్‌కేసులు చేసే కంపెనీలో కొనుగోళ్ళ విభాగానికి పెద్ద.

"నీ చదువు పూర్తయ్యేలోపు నేను రిటైరయ్యేలా ఉన్నానే," అంది ఫోన్లో. "గురువారం జిప్పుల ఆయన వస్తున్నాడు. వచ్చి కూర్చో, రాసుకుపో. మీ అమ్మ ఫోన్లతో నా తల ప్రాణం తోకకొస్తోంది."

జిప్పుల ఆయన కొత్త జిప్పు ఒకటి కనిపెట్టాడు. సూట్‌కేసు మూల తిరిగే చోట జిప్పు పట్టేయడం, మనిషి సూట్‌కేసు మీద కూర్చుని లాగడం అందరికీ తెలిసిందే. ఆయన జిప్పు పళ్ళకు చిన్న వంపు పెట్టాడు. ఆ జిప్పు మూల దగ్గర ఆగదు. పిన్నికి అది రెండేళ్ళు తన కంపెనీకి మాత్రమే కావాలి, ఇంకెవరికీ అమ్మకూడదు. ఆరు నెలలు దాటితే కుదరదంటాడు ఆయన.

బేరానికి ముందు రెండు పక్షాలనూ విడివిడిగా కలిసి, ఎందాకా దిగిరాగలరో అడగడం పరిశోధకురాలి పద్ధతి. విన్నది బయటపెట్టనని మాటిస్తుంది.

"నువ్వు కాబట్టి చెప్తున్నా. ఏడాదైనా చాలు," అంది పిన్ని. "ఆలోపు మా సరుకు బజార్లో నిలబడుతుంది. ఇది బయటికి పొక్కిందో, నీ సంగతి చెప్తా."

"ఏడాది వరకూ నాకు పోయేదేం లేదమ్మా," అన్నాడు జిప్పుల ఆయన. "ఇంకెవరికైనా చేసివ్వాలంటే రెండో మిషను కావాలి, అది రావడానికి ఎలాగూ ఏడాది పడుతుంది. మీ పిన్నిగారి చెవిన మాత్రం పడనివ్వకండి."

అంటే ఆమె కాగితాల్లో ఆ బేరం కుదిరిపోయినట్టే. ఆ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవడమే మిగిలింది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళవచ్చనుకుంది.

గురువారం పొద్దున సమావేశం గదిలో బల్లకు ఒక పక్క పిన్ని, ఎదురుగా జిప్పుల ఆయన కూర్చున్నారు. బల్ల మీద నమూనాల పెట్టె, నీళ్ళ సీసాలు, గ్లాసులు ఉన్నాయి. పరిశోధకురాలు రికార్డరు ఆన్ చేసి, ప్రతిసారీ చదివే నాలుగు ముక్కలూ చదివింది. "మీ పేర్లు రాయను. కంపెనీల పేర్లు రాయను. మాటలు ఆగిపోతే మళ్ళీ మొదట నోరు తెరిచింది ఎవరో రాస్తాను." ఇద్దరూ తలూపారు.

"రెండేళ్ళు, అన్నయ్యగారూ," అంది పిన్ని.

"ఆరు నెలలు, చెల్లెమ్మా," అన్నాడు ఆయన.

ఆ తర్వాత గదిలో మాట లేదు.

మొదట్లో పరిశోధకురాలికి సంతోషం వేసింది. నిశ్శబ్దం మీద ఆమె ఒక అధ్యాయమే రాసింది. కాసేపయ్యాక పిన్ని గ్లాసెత్తి గుక్కెడు నీళ్ళు తాగింది. గ్లాసు దింపింది. గొంతు కదల్లేదు. బుగ్గ ఉబ్బి అలాగే ఉండిపోయింది.

ఆ ఉపాయం ఎక్కడిదో పరిశోధకురాలికి తెలుసు. ఎదుటి కుర్చీ వైపు చూసింది. జిప్పుల ఆయన రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి.

పోయిన నెల వర్తక సంఘం వాళ్ళు పిలిస్తే వెళ్ళి ఆమె ఉపన్యాసం ఇచ్చింది. "మీ మాట చెప్పేశాక నోరు మూసుకోండి. నిశ్శబ్దం భరించలేక ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళే దిగొస్తారు. నాలుక ఊరుకోకపోతే నీళ్ళు నోట్లో పోసుకుని మింగకుండా పట్టుకోండి." పొద్దున కొనేవాళ్ళకు చెప్పింది. మధ్యాహ్నం అమ్మేవాళ్ళకు చెప్పింది. రెండుసార్లూ చప్పట్లు కొట్టారు. వీళ్ళూ వాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారన్న సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు.

టీ తెచ్చినావిడ చక్కెర ఎంతని అడిగింది. పిన్ని రెండు వేళ్ళు చూపింది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఏమైంది, ఇద్దరికీ పంటినొప్పా?" అంది ఆవిడ పరిశోధకురాలితో. పరిశోధకురాలు కూడా మాట్లాడకూడదు. "సరిపోయింది, ఈ పిల్లక్కూడా తగులుకుంది," అని కప్పులు పెట్టి వెళ్ళిపోయింది.

టీ ఎవరూ ముట్టుకోలేదు. తాగడానికి నోళ్ళు ఖాళీ లేవు. మీద మీగడ కట్టింది. పిన్ని ఫోను మోగింది. "ఊఁ," అంది పిన్ని. "ఊఁహూఁ," అంది. పెట్టేసింది. ఆయన పైకప్పు చూస్తున్నాడు. పిన్ని కిటికీ చూస్తోంది, మధ్యమధ్యలో ఓరగా రికార్డరు చూస్తోంది. పరిశోధకురాలు నవ్వు రాకుండా చెంప లోపల కొరుక్కుంటోంది. ఆమె ఒళ్ళో ఉన్న కాగితాల్లో పిన్ని పేజీలో 'ఏడాది' అని ఉంది, ఆయన పేజీలోనూ 'ఏడాది' అని ఉంది.

చివరికి జిప్పుల ఆయన నమూనాలు తీసి పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. ఒక జిప్పు మడిచాడు, పెట్టాడు. పిన్ని వైపు చూశాడు. ఇంకోటి మడిచాడు. పిన్ని కళ్ళు ఆ పెట్టె మీదే ఉన్నాయి, నోరు మాత్రం తెరవలేదు. మంకుపట్టులో ఆ వంశానికి పేరుంది. పెట్టె మూసి ఆయన లేచిపోతే బేరం చెడినట్టే, ఇంకో బేరం దొరికే రోజు లేదు. 'ఏడాది' అని తనే చెప్పేస్తే అది తన బేరం అవుతుంది, వాళ్ళది కాదు. ఇచ్చిన మాట కూడా పోతుంది.

పరిశోధకురాలు లేచింది. రికార్డరు ఆపింది. కాగితాలు సంచీలో పెట్టుకుని, ఎవరినీ చూడకుండా బయటికి నడిచి తలుపు మూసింది.

వరండాలో బెంచీ దాకా వెళ్ళకముందే లోపల ఎవరో దగ్గారు. ఇంకెవరో దగ్గారు. వెంటనే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకరి మాటకు ఒకరు అడ్డుపడటం, ఆయన బల్ల మీద కొట్టి నవ్వడం వినిపించాయి. ఆమె బెంచీ మీద కూర్చుని సంచీ దింపేలోపు తలుపు తెరుచుకుంది.

"రావే. ఏడాదికి ఒప్పుకున్నాం," అంది పిన్ని.

"ముందు ఎవరు మాట్లాడారు?"

"అన్నయ్యగారే."

"అయ్యో, చెల్లెమ్మేనండీ," అన్నాడు ఆయన లోపల్నుంచి.

"చూశావా, ఈయన వరస! నీళ్ళు మింగి 'మరేనమ్మా' అన్నది ఎవరు?"

"'మరేనమ్మా' మాట కాదు, మూలుగు. 'ఏడాది' అన్నది మీరు."

"ఇదంతా నేను లోపల ఉన్నప్పుడు అఘోరించొచ్చు కదా, పిన్నీ!"

పిన్ని ఆమెను పక్కకు లాగింది. "నువ్వున్నంతసేపూ ఎలా మాట్లాడతానే? ముందు నోరు తెరిచింది ఎవరో రాస్తానని నువ్వే చదివావు. పేర్లు రాయకపోతే మాత్రం మా వాళ్ళకు తెలియదా? రేపు మా మేనేజింగ్ డైరెక్టరు చదివి, 'ఏమ్మా, నువ్వే దిగొచ్చావట' అంటాడు. జిప్పు పోతే ఇంకో జిప్పు దొరుకుతుంది. పరువు ఎక్కడ కొనుక్కొస్తాను?"

పరిశోధకురాలు ఆయన వైపు చూసింది.

"మా అల్లుడు కూడా మీ విశ్వవిద్యాలయమేనమ్మా," అన్నాడు ఆయన, నేల చూస్తూ.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె గైడు గదికి వెళ్ళింది. గోడవారగా రెండు కుర్చీల్లో కొత్తగా చేరిన విద్యార్థులు ఇద్దరు కూర్చున్నారు. వాళ్ళు ఎప్పుడూ ఉంటారు. గైడు సంతకం లేకుండా ఆఫీసువాళ్ళు థీసిస్ తీసుకోరు.

గైడు చివరి బేరం పట్టిక చదివాడు. కళ్ళద్దాలు తీశాడు.

"అయితే?"

"బేరం తెగింది, సార్."

"మొదట నోరు తెరిచినవారు అన్న గడి ఖాళీగా ఉందేం?"

"నేను గదిలో లేను, సార్. నేనుంటే వాళ్ళు మాట్లాడటం లేదు."

"గదిలో లేని మనిషి పరిశోధన ఎలా చేస్తుంది? ఇంకో బేరం చూసి రండి."

"గడువు ఈ రోజే, సార్."

"అయితే?"

విద్యార్థుల్లో ఒకమ్మాయి పెన్ను తీసింది. పరిశోధకురాలు ఎంత బతిమాలితే గైడు వీపు కుర్చీలో అంత నిటారుగా లేస్తోంది. ఒక్క ఖాళీ గడి అంది ఆమె. ఒక్కటైనా ఖాళీయే అన్నాడు. పిన్నిని అడిగి చూడమంది. పిన్నులు ఆధారాలు కారన్నాడు. పెన్ను పట్టుకున్నమ్మాయి అది రాసుకుంది. ఆ రాసుకోవడం గైడు ఓరగా చూశాడు.

ఆ చూపు పరిశోధకురాలి కంటపడింది. నిన్న పిన్ని కళ్ళు రికార్డరు మీదికి ఇలాగే పోయాయి.

"సార్, ఒక్క మాట. బయటికి వస్తారా?"

వరండాలో నోటీసు బోర్డు దగ్గర గైడు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఆ ఖాళీ గడి ఒక్కటే మీ థీసిస్‌లో పనికొచ్చే ముక్క, తెలుసా? మిగతా బేరాల్లో వాళ్ళు ఒకరితో ఒకరు బేరమాడారో, మీతో ఆడారో ఎవరు చెప్పగలరు?"

"మరి లోపల అలా..."

"లోపల వాళ్ళిద్దరూ ఉన్నారమ్మా. మీకు వదిలేశానంటే రేపు వాళ్ళు పట్టికంతా ఖాళీగా తెస్తారు." జేబులోంచి పెన్ను తీశాడు. "ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో రాయండి. నాలుగు పేజీలు."

"ఆఫీసు అయిదింటికి మూసేస్తారు. ఒక పేజీ, సార్."

"మూడు."

"రెండు. వెళ్ళి ఇప్పుడే రాసేస్తాను."

"సరే, రెండు," అన్నాడు గైడు. ఆమె చేతిలోని థీసిస్ ఫైలును నోటీసు బోర్డుకు ఆనించి సంతకం పెట్టాడు. "లోపలికొచ్చాక మాత్రం ముఖం కాస్త మాడ్చుకుని ఉండండి."

ఆయన ముందు వెళ్ళాడు. ఆమె సంతకం కనిపించకుండా ఫైలును గుండెలకు ఆనించుకుని వెనక వెళ్ళి తల వంచుకుని నిలబడింది.

"పరిశోధన అంటే ఆటలనుకున్నారా?" అని గైడు గదంతా వినిపించేలా అరిచాడు. "ఖాళీ గడులు పట్టుకొచ్చి బయటికి పిలిచి బతిమాలితే కరిగిపోతాననుకున్నారా? ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో ఈ సాయంత్రంలోపు రాయండి. నాలుగు పేజీలు!"

ఆమె తలెత్తింది. గైడు కిటికీ వైపు తిరిగాడు. పెన్ను పట్టుకున్నమ్మాయి 'నాలుగు' అని రాసుకుంది. వీలైనంత ఏడుపు గొంతు పెట్టి "అలాగే, సార్," అంది పరిశోధకురాలు.