మిరెల్లా అడిగిన క్యామ్, వాస్కో వేసిన క్యామ్

డెబ్బై నాలుగులో మా కొండల్లోని పదకొండు ఊళ్ళకూ మా మనవరాలు మిరెల్లా ఒక్కతే మంత్రసాని. వాళ్ళ తాత, అంటే మా ఆయన, వదిలిపోయిన ఎర్ర స్పోర్ట్స్ కారులో తిరిగేది. ఆ ఏడు దాని ఇంజను వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయింది. ఎలాగూ మార్చాలి కదా, కాస్త జోరైనది వేయించుకుందామనుకుంది. మెకానిక్ వాస్కో నా చెల్లెలి కొడుకే. మలుపుల్లో పాలవ్యాను వెనకాల నెమ్మదిగా ఎక్కాల్సి వస్తుంది, ఇంజను తక్కువ వేగంలో ఉన్నా లాగే క్యామ్ వెయ్యమని వాడికి విడమరిచి చెప్పింది.

వాడు తలూపాడు. తలూపి రేసు బళ్ళ క్యామ్ వేశాడు. ఎందుకో వింటే మీకూ ఒళ్ళు మండుతుంది. మా ఊళ్ళో ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మగవాళ్ళు కాఫీ కొట్టు ముందు కార్లు వరసగా నిలిపి, ఇంజన్లు తిప్పి, చెవులు రిక్కించి వింటారు. ఆగి ఉన్నప్పుడు గుర్రపు డెక్కల్లా తడబడుతూ మోగే బండికే మెప్పు. ఒక్కడూ నడిపి చూడడు. అలా మోగే క్యామ్ వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఇంజను బాగా వేగం అందుకుంటే తప్ప లాగదు. ఇది తెలియనివాడా వాస్కో?

ఆదివారం అందరూ చప్పట్లు కొట్టారు. బుధవారం పై ఊళ్ళో అలేసియాకు నొప్పులు మొదలయ్యాయి. మిరెల్లా కారు నిట్టనిలువు మలుపులో మూడుసార్లు ఆగిపోయింది. సంచి పట్టుకుని మిగతా కొండంతా నడిచింది. ఆమె చేరేసరికి బిడ్డ పక్కింటావిడ చేతుల్లో ఉన్నాడు. తల్లీబిడ్డా బాగున్నారు, అది వాస్కో గొప్ప కాదు.

ఆ మధ్యాహ్నం నేను వాస్కో షెడ్డులో ఉండగానే మిరెల్లా వచ్చింది.

"మావయ్యా, నేనేం అడిగాను, నువ్వేం వేశావు?"

"ఆ మోత వింటే మీ తాత కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు తల్లీ."

"అవును, నడిపి చూసుంటే."

ఇంజన్ని ఇంకాస్త అరిచేలా తిప్పుతూ ఎక్కాలని వాడు పాఠం మొదలుపెట్టాడు. మిరెల్లా తాళం వాడి చేతిలో పెట్టింది. ముగ్గురం బయల్దేరాం. అదే మలుపులో వాడికీ రెండుసార్లు ఆగింది. వెనక బస్సు నిలిచిపోయింది. దాని డ్రైవరు, నెల్లో అనేవాడు, దిగి వచ్చాడు.

"మోత బాగుంది వాస్కో. పక్కకు తీస్తే మేం పోతాం."

షెడ్డుకు వచ్చాక మిరెల్లా క్యామ్‌ల పట్టిక తెరిచి, తక్కువ వేగంలో లాగే క్యామ్ మీద వేలు పెట్టింది.

"మరీ మెత్తది కదే, మోతే ఉండదు. నలుగురూ ఏమంటారు?" అని గొణిగాడు వాడు.

"ఆ నలుగుర్నీ వచ్చి పురుడు పొయ్యమను."

వాస్కో నా వైపు చూశాడు. నేను ఆ రేసు క్యామ్ విప్పమన్నాను. విప్పాడు.