తెడ్డు పట్టిన చేయి

జొన్న గటక అడుగంటుతుందేమోనని తెడ్డు గబగబా తిప్పుతూనే గోడ గడియారం వైపు నాలుగోసారి చూసింది రచన. ఏడు యాభైకి వికారాబాద్‌లో రైలు. తను టీచరుగా పనిచేసే తాండూరు బడిలో ఇవాళ క్రీడోత్సవం. తెల్లవారినప్పటి నుంచీ అక్కడ చదవబోయే ఉపన్యాసం మీదే ధ్యాసంతా.

"చదివేది పరశురాం సార్. నీకెందుకు గింత పరేషాన్?" సాక్సుల కోసం వెతుకుతూ అన్నాడు భర్త విజయ్‌కుమార్.

రాసింది నేను కదా అని నోటిదాకా వచ్చింది. మింగేసి, సాక్సులు వెతికిచ్చింది.

నాలుగేళ్లుగా ఇదే వరస. ప్రిన్సిపాల్ పరశురాం సార్ చదివే ప్రతి ఉపన్యాసమూ ఆమె రాసిందే. "నువ్వు మైక్ ముంగట వణుకుతవమ్మా. రాసుడు నీది, చదువుడు నాది" అని మొదటి ఏడే పంచేశాడాయన. వేళ్ల నొప్పి ఈమెకి, చప్పట్లు ఆయనకి. భలే పంపకం!

ఈసారి జర్మనీ పడవ పందేల విజేత ఉర్సులా గురించి రాసింది. పదహారేళ్లప్పుడు సరస్సు గట్టున పడవలు కడిగిన పిల్ల మూడుసార్లు ప్రపంచ విజేత అయింది. ఆ ఊళ్లో రొట్టె పొట్లాల మీద కూడా ఆమె బొమ్మే. ఆడపిల్లలు ఆమెలాగే జుట్టు కత్తిరించుకున్నారు. అంత పేరొచ్చాక కూడా ఒక విలేకరి అడిగాడట, "మీరిలా తిరుగుతుంటే ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అని. "ఆకలైన వాళ్లు" అందట. అది చదివిన రోజు రచన పోపు మాడ్చేసింది.

నిన్న సార్ సరిగ్గా ఆ మాట మీదే ఎర్ర గీత కొట్టాడు. "తల్లిదండ్రులు వస్తరు, గిది బాగుండదు." ఆ ఒక్క మాట కోసమే రెండు పేజీలూ రాసిందని ఆయనకేం తెలుసు?

మైదానం నిండిపోయింది. వేదిక పక్కన రచన నీళ్ల సీసాలు అందిస్తోంది. సార్ చదువుతూ చదువుతూ "ఉర్సులా తెడ్డు చేతబట్టి" దగ్గర ఆగిపోయాడు. పడవకూ తెడ్డు ఉంటుందని పాపం ఆయనకు తెలియదు. కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"చూసిండ్రా! ఎంత పెద్ద చాంపియన్ అయినా తెడ్డు ఇడ్వలే. వంటిల్లు ఇడ్వలే!"

తండ్రులు చప్పట్లు కొట్టారు. తల్లులూ కొందరు నవ్వారు. ఆడపిల్లలు నిజమేననుకుని తలలూపుతూ వింటున్నారు.

రచన ఆ పిల్లల వైపు చూసింది. ఊరుకుంటే వీళ్లంతా ఇదే నమ్ముతారు. నోరు తెరిస్తే ఉద్యోగం ఉంటుందా? ఇంట్లో ఏమంటారు? ఆ భయంతోనే వేదిక మెట్లెక్కింది. నీళ్లు తెచ్చిందనుకుని సార్ చెయ్యి చాచాడు. సీసా ఆయన చేతిలో పెట్టి మైకు తీసుకుంది.

"తెడ్డంటే ఇక్కడ పడవ నడిపేది. వంటింట్లోది కాదు. ఇది రాసింది నేను."

గొంతు వణికింది. వణికితే వణకనీ అనుకుని, ఎర్ర గీత కింద ఉన్న మాట కూడా చెప్పేసింది. ముందు ఆడపిల్లల వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన వరుస వరుసంతా చప్పట్లే.

సాయంత్రం తాండూరు స్టేషన్‌లో ఫోన్ మోగింది. విజయ్‌కుమార్.

"సార్ చేతిలకెల్లి మైక్ గుంజుకున్నవంట? ఇజ్జత్ తీసినవ్ గదా! సోమవారం పోయి మాఫీ అడుగు."

"అడగ" అనేసింది.

విజయ్‌కుమార్ మాట మార్చాడు. "రైలు లేటంటున్నరు. ఇంట్ల అన్నం ఎవరు వండుతరు మరి?"

చిత్రం, ఈసారి గొంతు వణకలేదు.

"ఆకలైనోళ్లు," అంది రచన.