ఎద్దు వైద్యానికి కుంకుమ బొట్టు

నేను ఒక తాటాకుల కట్టను. అరవై ఒక్క ఆకులు, అటూ ఇటూ రెండు చెక్కలు, మధ్యలో చిల్లు, చిల్లులోంచి దారం. తాళపత్ర గ్రంథమని పిలిచినా పలుకుతాను గానీ ఆ పేరు నాకు గ్రంథాలయంలో చేరాకే వచ్చింది. అంతకుముందు మా ఇంట్లో నన్ను 'ఎద్దుల ఆకులు' అనేవారు.

గుండ్లకమ్మ ఒడ్డున ఒక పల్లెలో గోనెల అంకయ్య నన్ను రాశాడు. అతను పశువుల వైద్యుడు. తాటాకులు కోసి, పసుపు నీళ్ళలో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, గంటంతో గీశాడు. అతని చేతికి ఎప్పుడూ పేడ వాసనే. ఎద్దుకు కడుపుబ్బితే ఏం తాగించాలి, గిట్టలు చీలితే ఏం పూయాలి, దూడ పాలు తాగకపోతే తల్లిని ఎలా బుజ్జగించాలి, అన్నీ నా ఒంటి మీద ఉన్నాయి. మొదట్లో నాకు అరవై రెండు ఆకులు. పదమూడో ఆకుతో ఒక కోడలు పొయ్యి రాజేసింది. అందులో జ్వరాల వైద్యం ఉండేది. కాబట్టి జ్వరం గురించి నన్నెవరూ అడక్కండి.

అంకయ్య మనవడి కాలంలో ఒక పండితుడు బస్సు దిగి వచ్చి, పాత గ్రంథాలుంటే భద్రంగా దాచిపెడతామన్నాడు. ఆ మనవడు అమాయకుడు. దాచిపెట్టడమంటే ఎవరికీ కనపడకుండా పెట్టడమని అతనికి తెలియదు. నన్ను గోనెసంచిలో కట్టి ఇచ్చేశాడు. పట్నంలో నా చెక్క మీద ఎర్ర రంగుతో 'పశువైద్యం' అని రాసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. వేసినవాళ్ళు మంచివాళ్ళే. పురుగు నన్ను తినకుండా చూశారు, మనిషి చదవకుండా కూడా చూశారు.

ఏడాదికోసారి మాకు తలంటు ఉండేది. దారం విప్పి, దుమ్ము దులిపి, ఆకాకుకూ నిమ్మగడ్డి నూనె పట్టించి, వరండాలో నీడన ఆరబెట్టేది నాగరత్నం. అటెండరుగా చేరింది, చేతిలో నేర్పు ఉంది గనుక మా ఆలనాపాలనా ఆమెకే వదిలేశారు. ఒకసారి ఏడు కట్టలం ఆరుతుండగా చెప్పాపెట్టకుండా వాన దిగింది. నాగరత్నం కొంగులో మమ్మల్ని చుట్టుకుని లోపలికి పరుగెత్తింది. ఒక్క ఆకు తడవలేదు, నిజంగా చేతులెత్తి మొక్కాలి. చెక్కలు మాత్రం కలగాపులగమైపోయాయి. కొలత సరిపోయిన చెక్కను సరిపోయిన కట్టకు పెట్టి దారం బిగించేసింది. ఈ గ్రంథాలయంలో ఎవరూ ఆకు చూడరు, అందరూ చెక్కే చూస్తారు. అలా నేను ఒక్క పూటలో 'శివపూజా విధానం' అయిపోయాను.

ఇక నా వైభవం చూడాలి! అద్దాల పెట్టెలోకి ఎక్కించారు. సరస్వతీ పూజనాడు పసుపు, కుంకుమ, చామంతులు. గ్రంథాలయాధికారి విశ్వపతి గారు వచ్చిన ప్రతి పెద్దమనిషికీ నన్నే చూపించేవారు. ఒక మంత్రిగారు నన్ను కళ్ళకద్దుకున్నారు. సరిగ్గా ఆయన కన్ను ఆనిన చోట, ఎద్దు పేడ పలచబడితే ఏం చేయాలో ఉంది. నవ్వు ఆపుకోవడం తాటాకుకు ఎంత కష్టమో మీకు తెలియదు.

విశ్వపతి గారికి మా మీద ప్రాణం. ముట్టుకుంటే విరుగుతామని ఆయన కూడా ముట్టుకునేవారు కాదు. ఆకు మీది రాత చదవడం ఆయనకు రాదని నాగరత్నానికి తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకు తెలియదు. నా చెక్కలు తగిలించుకున్న అసలు పూజాగ్రంథంలో ఆవుల వైద్యానికి బదులు శివస్తోత్రాలున్నాయని ఎవరో చెబితే విని, ఆయన పెద్ద వ్యాసమే రాశారు. పూర్వులు పశువైద్యాన్ని శివారాధనగా భావించారని సిద్ధాంతం. ఎద్దు శివుడి వాహనం కదా, ఇంకేం కావాలి? దానికి శాలువా కప్పారు, ఫోటో గోడకెక్కింది.

అలాంటి రోజుల్లో తిరుపతమ్మ వచ్చింది. అంకయ్యకు మునిమనవరాలు, ఎడ్లు పెంచే మనిషి.

"మా ముత్తాత రాసిన ఎద్దుల ఆకులు మీకాడున్నయ్యంటండీ. ఊళ్ళో నవ్వుతున్నారయ్యా, గొడ్లు కాసేవోడికి అచ్చరాలెక్కడియ్యి అంటన్నారు. ఆయన చేతిరాత ఒక్కటి చూపిస్తే చాలు. ఆఖరాకు మీద పేరుంటది. 'తిట్టాలంటే నన్ను తిట్టు, గొడ్డును కొట్టకు' అని కూడా ఉంటది. మా ఇంట్లో పిల్లలక్కూడా వచ్చు ఆ మాట."

నేను ఆమెకు రెండు మూరల దూరంలో, అద్దం వెనక, బొట్టు పెట్టుకుని కూర్చున్నాను. ఎంత అరవాలనుకున్నానో! 'పశువైద్యం' చెక్కలున్న కట్ట తెప్పించారు. ఏళ్ళ తరబడి నూనె పట్టిస్తూ మా అక్షరాలు పోల్చుకోవడం నేర్చిన నాగరత్నం ఆఖరి ఆకు తిప్పి కూడబలుక్కుంటూ చదివింది. ఎవరో అవధానిగారి పేరు. చదువుతూనే ఆమె చేయి ఆగిపోయింది. వాన రోజు గుర్తొచ్చిందని నాకు తెలిసిపోయింది. అయినా తల వంచి దారం బిగించేసింది.

"చూశావుగా తల్లీ. మీవాళ్ళు పొరబడ్డారు," అన్నారు విశ్వపతి గారు, చాలా మర్యాదగా.

తిరుపతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు నా బొట్టు మీద అసహ్యం వేసింది.

ఆర్నెల్ల తర్వాత కెమెరా వచ్చింది. గ్రంథాలన్నింటినీ ఫోటోలు తీసి, ఎవరైనా ఎక్కడినుంచైనా చదువుకునేలా ఇంటర్నెట్లో పెట్టాలని పైనుంచి ఉత్తర్వు. అద్దాల పెట్టెలోని ఘనతవహించిన నాతోనే మొదలు. అక్షరాలు తేలడానికి నాగరత్నం నా ఒంటికి దీపపు మసి పూసి తుడిచింది. ఆఖరి ఆకు దగ్గర ఆగింది. పైకి చదివింది.

"ఇది గోనెల అంకయ్య చేవ్రాలు. తిట్టాలంటే నన్ను తిట్టు, గొడ్డును కొట్టకు."

విశ్వపతి గారి ముఖం పాలిపోయింది. గోడ మీది శాలువా ఫోటో వైపు చూశారు.

"ఈ కట్ట ఇప్పుడు వద్దు. నిదానంగా చూద్దాం," అన్నారు. ఆయన నిదానం అంటే నాకు ఇంకో అరవై ఏళ్ళ బీరువా.

"చెక్కలు మార్చింది నేనే సార్. వాన రోజున," అంది నాగరత్నం. "ఆ పిల్ల వచ్చిన రోజే తెలిసింది నాకు, ఉద్యోగం పోద్దని నోరు మూసుకున్నా. ఆ పిల్ల ఏడుస్తా పోయింది సార్. తిట్టాలంటే నన్ను తిట్టండి. ఆళ్ళ తాతను మాత్రం దాచమాకండి."

ఆయన తిట్టలేదు. భోజనం డబ్బా తెరవకుండా మధ్యాహ్నమంతా నా ముందు కూర్చున్నారు. చివరికి మొదటిసారి వేలితో నా ఆకును తాకి, "ఇది ఏ అక్షరం, నాగరత్నం?" అని అడిగారు. ఆ సాయంత్రం తన వ్యాసం తప్పని స్వయంగా ఉత్తరం రాసి పత్రికకు పంపారు. ఫోటోను ఆయనే దించారు. మేకు ఇంకా గోడకే ఉంది.

నా చెక్కలు నాకొచ్చాయి. నా ఫోటోలు అంకయ్య పేరుతోనే ఇంటర్నెట్లోకి ఎక్కాయి, నాగరత్నం తిరుపతమ్మకు కబురు పెట్టింది. అద్దాల పెట్టె పోయింది, కింది అరలో మామూలు అట్టపెట్టె. పసుపూ చామంతులూ అసలు పూజాగ్రంథానికి. నాకేం బెంగలేదు.

మొన్న తిరుపతమ్మ నాగరత్నాన్ని చూడటానికి వచ్చి ఫోను చూపించింది. ఆమె ఎద్దుకు కడుపుబ్బిందట. డాక్టరుగారు వచ్చి సూది వేశారు. ఈమె కొట్టంలోనే కూర్చుని, ఫోనులో నా ఆకులు వెతికి, ముత్తాత చెప్పిన కషాయం కూడా కాచి పట్టిందట. ఎద్దు లేచింది. ఎవరి వైద్యానికి లేచిందో దానికే తెలియాలి. నవ్వినవాళ్ళందరినీ పిలిచి, ఆఖరి ఆకును ఆమే చదివి వినిపించిందట.

"అదేంటమ్మా, అద్దమంతా ఇట్టా అయింది?" అంది నాగరత్నం, ఫోను తుడవబోతూ.

"పేడ చేత్తో తిప్పా అక్కా, తొందర్లో."

అంకయ్య చేతి తర్వాత మళ్ళీ ఇన్నాళ్ళకు నాకు పేడ అంటింది. తుడవకండర్రా అని అరిచాను. తాటాకు అరుపు ఎవరికి వినిపిస్తుంది!