ముసురు అధ్యాయం

రేకుల మీద వాన.

ముందు ఒక చుక్క. ఆగి, ఇంకో చుక్క. తర్వాత చుక్కకీ చుక్కకీ మధ్య సందు లేదు. మా ఏడో తరగతి గది మొత్తం ఆ చప్పుడే. కిటికీ పక్క బెంచీలో నేను. నా ఒళ్లో కొన్ని పాత కాగితాలు.

పాత కాగితాలకి తడిగాలి తగిలితే ఒక వాసన వస్తుంది. కొంచెం జిగురు, కొంచెం మట్టి, కొంచెం ఎప్పుడూ తెరవని బీరువా. ఆ వాసనంటే నాకు మొదటి రోజునుంచీ ఇష్టమే. ఆ కాగితాల మీద ఉన్నదంటేనే ఒళ్లు మండేది.

ఎందుకంటే అందులోనూ వానే.

మా ఇంగ్లీషు టీచర్‌ది ఒక పిచ్చి పద్ధతి. పిచ్చి అని నేననలేదు, హెడ్మాస్టారన్నారు. స్కూలు లైబ్రరీలో ఒక పాత నవల ఉంది. ఇటుకంత లావు. గొప్ప నవలట. అందరూ గొప్పదంటారు, ఎవరూ చదవరు. ఉన్నది ఒక్కటే ప్రతి. అట్ట ఊడిపోయింది, దారాలు వదులైపోయాయి. చదవాల్సింది తరగతి నిండా పిల్లలం.

టీచర్ ఏం చేశారంటే — బ్లేడు తీసుకుని ఆ దారాలు తెంపేశారు.

మేం నోళ్లు వెళ్లబెట్టి చూశాం.

ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం విడదీశారు. ఒక్కోదాన్నీ సూదీ దారంతో కుట్టి, గోధుమరంగు కాగితంతో అట్ట వేశారు. మనిషికొకటి పంచేశారు.

ఇంటికి తీసుకెళ్లాలి. డిక్షనరీ పక్కన పెట్టుకుని కుస్తీ పట్టాలి. మన వంతు వచ్చిన రోజు అందరి ముందూ నిలబడి, ఏం జరిగిందో మన మాటల్లో చెప్పాలి. నచ్చిన పేజీ ఇంగ్లీషులో పైకి చదవాలి. ఒకరి అధ్యాయం ఇంకొకరు ముట్టుకోకూడదు.

"మీ అధ్యాయం మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. గుర్తుపెట్టుకోండి," అన్నారు టీచర్.

ఆ రోజునుంచీ మాకు పేర్లు పోయాయి.

పడవ మునక. పెళ్లి. దొంగసాక్ష్యం. అందరం అధ్యాయాలమైపోయాం. హత్య వచ్చిన కుర్రాడైతే వారం రోజులు నేల మీద నడవలేదు. ఆఖరి అధ్యాయం మా క్లాసు ఫస్టుకి వచ్చింది. వాడి పేరు మాత్రం మారలేదు. వాడు ముందునుంచీ గైడే. ఏ పాఠానికైనా బజారులో దొరికే గైడు కొని, అందులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేస్తాడు. ఈ నవలకీ ఒకటి కొన్నాడు.

నాకు పద్నాలుగు వచ్చింది.

పద్నాలుగులో వాన పడుతుంది.

అంతే.

హత్య లేదు. పెళ్లి లేదు. కనీసం ఒక గుర్రం కూడా లేదు. సముద్రం మీదికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. అతని భార్య ఇంట్లో కూర్చుని ఉంటుంది. బయట వాన. పేజీ తిప్పితే వాన. ఇంకో పేజీ తిప్పితే ఆమె లేచి, తలుపు తీసి, వానని చూసి, తలుపు వేసి, వచ్చి కూర్చుంటుంది. హమ్మయ్య, ఏదో జరిగింది అనుకుని పేజీ తిప్పితే — మళ్లీ లేస్తుంది.

"నీదాంట్లో ఏం జరుగుతుందే?" అనడిగింది పెళ్లి, మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునేటప్పుడు.

"వాన."

"తర్వాత?"

"ముసురు."

ఇంకేముంది. ఆ పూటనుంచి నేను ముసురు. 'ముసురు వచ్చిందిరోయ్, గొడుగులు తియ్యండి' అని హత్య గాడి వెటకారం. వాడి హత్య వాడి మీదే చేయాలనిపించేది.

మా రేకుల ఇంట్లో ముగ్గురం. అమ్మ, అమ్మమ్మ, నేను.

అమ్మ బస్సు నడుపుతుంది. తెల్లవారకముందే వెళ్లి, కొండదారి దాటి, అవతలి పట్నం చేరి, సాయంత్రానికి తిరుగు బస్సు తెస్తుంది. ఎండాకాలమైతే వీధి దీపాలు వెలిగే వేళకి ఇంట్లో ఉంటుంది. వానాకాలం చెప్పలేం. కొండదారిలో రాళ్లు జారతాయి. ఫోను అందదు. స్టీరింగు ముందున్న మనిషికి మనం గుర్తొచ్చినా రాకపోయినా, దారి వదిలితేనే రాక.

అమ్మమ్మ బట్టలు మడతపెడుతూ ఉంటుంది. నేను హోంవర్కు ముందేసుకుని కూర్చుంటాను.

గేటు గడియ చప్పుడు.

లేస్తాను. తలుపు తీస్తాను. వాన.

ఎవరివో అడుగులు.

లేస్తాను. తలుపు తీస్తాను. పక్కింటాయన, ఆయన గొడుగు, వాన.

"కూర్చోవే తల్లీ! నువ్వు గుమ్మంలో నిలబడితే బస్సుకి రెక్కలొస్తాయా?" అంటుంది అమ్మమ్మ.

అంటుందిగానీ, ఆవిడ చేతిలో చీర ఎంతసేపటికీ మడత పడదు.

ఒక సాయంత్రం అలాగే తలుపు వేసి వచ్చి కూర్చున్నాను. ఒళ్లో పద్నాలుగు తెరిచి ఉంది. వేలు ఎక్కడ పెట్టి లేచానో అక్కడే పెట్టి చదివాను. పుస్తకంలో ఆమె తలుపు వేసి వచ్చి కూర్చుంది.

వేలు అక్కడే ఉంచి మా తలుపు వైపు చూశాను.

ఇదేమిటి... నా గురించి ఎవరు చెప్పారు ఈ పుస్తకానికి?

మళ్లీ మొదటినుంచీ చదివాను. ఈసారి తొందర లేదు. తెలియని ప్రతి మాటా డిక్షనరీలో చూశాను. ఆమె లేచిన ప్రతిచోటా పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెట్టాను. అప్పుడు కనబడింది. మొదటి పేజీల్లో చప్పుడు వినగానే ఆమె పరుగెడుతుంది. కిటికీ రెక్క కొట్టుకున్నా పరుగే. తర్వాత నడుస్తుంది. తర్వాత సగం లేచి, నిలబడకుండానే కూర్చుంటుంది. చుక్కలు పలచబడతాయి. వాన మాత్రం తగ్గదు.

ఆఖరి పేజీలో ఆమె తన కుర్చీని తిప్పేస్తుంది. తలుపుకి వీపు పెట్టి కూర్చుంటుంది.

అధ్యాయం అయిపోతుంది.

ఏమీ జరగలేదని ఎవరన్నారు! నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ కుర్చీని నేనే వెళ్లి మళ్లీ తలుపు వైపు తిప్పాలనిపించింది. ఎంత జరిగింది! హత్యలో ఒక్క మనిషి పోయాడు, అంతేగా. ఇక్కడ ఒక మనిషి ఆశ ఒక్కో పేజీకీ ఒక్కో అడుగు వెనక్కి వేస్తోంది.

అంతలో అమ్మ వచ్చింది. నిలువునా తడిసి ఉంది. నేను కళ్లార్పకుండా చూశాను.

"ఏంటే అలా చూస్తావ్, నేనేమైనా కొత్త మనిషినా? ముందు ఆ టవలివ్వు," అంది.

ఇక పద్నాలుగుని వదల్లేదు. గిన్నెలు తోముతూ చదివాను. తల దువ్వుకుంటూ చదివాను. అమ్మమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి చదివాను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

"నాకేం తెలుస్తుందే ఆ భాష! ఒక్కటి మాత్రం నిజం, మాటిమాటికీ ఒకేచోటికి వచ్చి ఆగుతున్నావు. అక్కడేదో ఉంది," అంది.

నా వంతు వచ్చింది. జడలు గట్టిగా వేసుకుని వెళ్లాను. ముందుకెళ్లి నిలబడ్డాను. కాగితాలు తెరిచాను.

హెడ్మాస్టారు గుమ్మంలోకి వచ్చారు.

"పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి టీచర్‌గారూ. ఇంకా పద్నాలుగులోనే ఉన్నారా? దీన్ని వదిలేయండి. ఇందులో ఏముంది, వానేగా!"

గైడు అడక్కుండానే లేచాడు. "అవును సార్. 'ఈ అధ్యాయంలో చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ లేదు' అని గైడులో ఉంది సార్."

క్లాసంతా గొల్లుమంది.

"సార్, కాసేపు చాలు, పాప సిద్ధమై వచ్చింది..." అన్నారు టీచర్.

"వద్దండీ. పదిహేనుకి వెళ్లండి."

టీచర్ నా వైపు చూశారు. ఆ చూపులో ఏముందో అప్పుడు నాకు అంతుపట్టలేదు. "కూర్చోమ్మా," అన్నారు.

కూర్చున్నాను. ఏడవలేదు. ఏడిస్తే దాన్ని కూడా వానే అంటారు.

పదమూడు తర్వాత పదిహేను వచ్చింది. కథ గెంతి అవతలి ఒడ్డున పడింది. ఎవరికీ ఏమీ తేడా తెలియలేదు. నాకొక్కదానికే తెలుసు, నడుమ ఒక ఇల్లు ఉండిపోయిందని. అందులో ఒక మనిషి తలుపుకి వీపు పెట్టి కూర్చుందని. నేను చెప్పకపోతే ఆమె సంగతి ఇంకెవరూ చెప్పరు.

ఇదిగో, ఇవాళ ఆఖరి అధ్యాయం. రేకుల మీద ఈ వాన. వెనక బెంచీలో హెడ్మాస్టారు, ముగింపు వినడానికి. నా ఒళ్లో పద్నాలుగు. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

గైడు బాగానే చెప్పాడు. అబద్ధం చెప్పకూడదు, వాడి గొంతు బాగుంటుంది. ఏళ్లు గడిచాయి. సముద్రం మీదికి వెళ్లిన మనిషి తిరిగొచ్చాడు. ఒక వాన సాయంత్రం తన ఇంటి ముందు నిలబడి తలుపు కొట్టాడు. లోపల భార్య విన్నది. ఆమె లేవలేదు. కూర్చునే ఉంది. అతను మళ్లీ కొట్టాడు. అప్పుడు లేచింది. తలుపు ఇంకా తెరుచుకోకుండానే నవల అయిపోయింది.

అందరం చప్పట్లు కొట్టాం.

హెడ్మాస్టారు కొట్టలేదు.

"ఆగు బాబూ. అన్నేళ్లు ఎదురుచూసిన మనిషి, మొగుడొచ్చి తలుపు కొడితే లేవదేం?"

గైడు తడబడ్డాడు. "కోపం సార్. గైడులో కోపం అనుంది సార్."

"కోపమైతే రెండోసారికి మాత్రం ఎందుకు లేచింది?"

గైడు తన పేజీలు అటూ ఇటూ తిప్పాడు.

"నిద్రపోతోందేమో సార్," అంది పడవ మునక. "చెవుడేమో సార్," అన్నాడు హత్య. నవ్వులు. టీచర్ మాత్రం నవ్వలేదు. ఆవిడ ఎవరినీ అడగలేదు, నా వైపు చూడనూ లేదు. కిటికీలోంచి వానని చూస్తున్నారు. చెప్పేదీ మానేదీ నాకే వదిలేశారని అర్థమైంది.

నా కాళ్లు నన్నడక్కుండానే లేచాయి.

"నాకు తెలుసు సార్."

"ఎవరమ్మా నువ్వు?"

"ముసురు సార్!" — క్లాసంతా ఒక్క గొంతుతో.

"అవును సార్, ముసురునే," అన్నాను. "పద్నాలుగు నాది."

అడగలేదు, ఆగలేదు. తెరిచి చదివాను. మొదటి వాక్యం వణికింది. రెండోదీ వణికింది. నా ఇంగ్లీషు కుంటుకుంటూనే నడిచింది. ఎవరో కిసుక్కుమన్నారు. నేను చదివాను. ఆమె లేచింది, తలుపు తీసింది, వాన. మన మాటల్లో చెప్పాను. మళ్లీ చదివాను. ఆమె లేచింది, తలుపు తీసింది, వాన. కిసకిసలు ఎక్కడ ఆగాయో నేను చూడలేదు. బయట రేకుల మీద వాన, లోపల కాగితం మీద వాన. నా గొంతు ఆ రెంటినీ దాటి వెనక బెంచీ దాకా వెళుతోంది. నాకంత గొంతు ఉందని నాకూ ఇవాళే తెలిసింది!

కుర్చీ తిప్పే పేజీకి వచ్చాను.

చదివాను.

కాగితాలు మూశాను.

"ఆమెకి చెవుడు కాదు సార్. కోపమూ కాదు. విన్నది," అన్నాను. "లేస్తే తలుపు తియ్యాలి కదా సార్. తీస్తే మళ్లీ వానే ఉండొచ్చు. రెండోసారి కొడితేనే నమ్మకం. కూర్చున్నంతసేపూ... అది ఆయనే."



పెళ్లి ముక్కు ఎగబీలుస్తోంది. హత్య బెంచీ కింద చూస్తున్నాడు, ఏదో పారేసుకున్నట్టు. గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. వానలో మాకు వినబడలేదనుకుని అటెండరు ఇంకోసారి కొట్టాడు.

అప్పుడు లేచారు హెడ్మాస్టారు. నా దగ్గరికొచ్చి పద్నాలుగుని చేతిలోకి తీసుకున్నారు. నా పెన్సిలు చుక్కలు చూశారు. ఒక్కో చుక్క మీదా వేలు పెడుతూ, ఆఖరి పేజీ దాకా వెళ్లారు.

"ఆ కుర్చీ సంగతి గైడులో లేదా?"

"లేదు సార్," అన్నాడు గైడు, చిన్న గొంతుతో.

"వదిలెయ్యమన్నది నేనే," అన్నారు టీచర్‌తో. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "రేపు మొదటి పీరియడు పద్నాలుగు చెప్పించండి. ఒక్క ముక్క వదలకుండా. నేనూ వస్తాను."

ఆ తర్వాత జరిగినది ఎలా చెప్పను! వరండాలో అందరూ నా వెనకే. "ముసురూ! ముసురూ!" అని ఒకటే అరుపులు. నిన్నటిదాకా గుచ్చుకున్న పేరు ఇవాళ భుజాల మీద మోసినట్టుంది. తల ఎత్తుకుని నడిచాను. గొడుగు ఉంది. తెరవలేదు. తడిశాను. ఎంత బాగుందో!

మర్నాడు మొత్తం చదివాను. రెండు పీరియడ్లు. హెడ్మాస్టారు కదల్లేదు. అయ్యాక టీచర్ అధ్యాయాలన్నీ వరసగా బల్ల మీద పేర్పించి, సూదీ దారం నా చేతికిచ్చారు. పదమూడుకీ పదిహేనుకీ మధ్య పద్నాలుగు పెట్టాను. సూది లోపలికి, దారం పైకి. గట్టిగా లాగి ముడి వేశాను. ఇక దాన్ని ఎవరు వదిలేస్తారో చూస్తాను.

"నాకు మొదటిసారి చదివినప్పుడు అర్థం కాలేదు తెలుసా ఈ అధ్యాయం," అన్నారు టీచర్, నాకొక్కదానికే వినబడేలా.

ఇప్పుడు సాయంత్రం.

ముసురు విడవలేదు. కొండదారిలో రాళ్లు జారాయని ఎవరో చెప్పారట, అమ్మమ్మకి. ఆవిడ అదే చీరని మళ్లీ విప్పి మడతపెడుతోంది. నేను కూర్చుని ఉన్నాను. నిన్న అమ్మ వచ్చేసరికి నిద్రపోయాను. అమ్మకి నిన్నటిదీ ఇవాళ్టిదీ మొత్తం చెప్పాలి. సూది సంగతి, గంట సంగతి, హెడ్మాస్టారి చెవుల సంగతి. కడుపులో మాటలు ఆగడం లేదు.

తలుపు మీద చప్పుడు.

"తలుపే! వినబడట్లేదా?" అంది అమ్మమ్మ.

"వినబడింది అమ్మమ్మా."

నేను లేవలేదు. నా కుర్చీ తలుపు వైపే ఉంది.

"ఒక్కసారి... ఇంకొక్కసారి కొట్టనీ."

రేకుల మీద వాన.