లైను మీద ఒకరు

ప్రెజరు గేజి అద్దం మీద గోటితో రెండుసార్లు కొట్టి, ముల్లు వణికిందని చూసుకున్నాకే అతను వాల్వు చక్రం వదిలాడు. పంపుహౌసులో రెండో మోటారు అప్పుడే అందుకుంది. నేల కింద నుంచి వచ్చే ఆ రొద ముందు అరికాళ్లకు తెలుస్తుంది, ఆ తరవాతే చెవులకు. బేరింగు మీద చెయ్యి తిరగేసి ఆనించి వేడి చూశాడు. పంపు మెడ దగ్గర నీళ్లు చుక్కచుక్కగా కారుతున్నాయి. అలా కారుతుంటేనే మంచిది, కారడం ఆగిందంటే లోపల ఏదో కాలుతోందన్నమాట. పాతగుడ్డతో చేతులు తుడుచుకుని మళ్లీ గేజి దగ్గరికి వెళ్లి ఇంకోసారి కొట్టాడు.

ఈ కొట్టుడు వల్లే అందరూ అతన్ని టకటకయ్య అంటారు. ఇంట్లో గోడగడియారాన్నీ, గ్యాసు సిలిండరునూ, ఆఖరికి మందుసీసానూ కొట్టి చూసే మనిషిని ఇంకేమంటారు? ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు గేజిలో ముల్లు పట్టేసి, ఉండాల్సిన చోటే బిగుసుకుపోయింది. ప్రెజరు దివ్యంగా ఉంది కదా అని అతను దానికెదురుగా కుర్చీ వేసుకుని కాలు మీద కాలు వేసుకున్నాడు. అవతల బావి అడుగంటి, పంపు ఉత్తగాలి తిప్పుకుంటూ, మోటారు కాలిన కమురు వాసన గదంతా నిండేదాకా అలాగే కూర్చున్నాడు. అప్పుడు తిన్న చీవాట్లు ఇప్పటికీ అరగలేదు.

ఈవేళ మాత్రం అతని మనసు గేజి మీద లేదు, చొక్కా జేబులో ఉన్న ఫోను మీద ఉంది.

పోయిన వానాకాలంలో ఒక నౌక ఆకాశంలోకి బయల్దేరింది. అందులో మనుషుల్లేరు. ఎక్కడో దూరాన ఒక గ్రహం చుట్టూ తిరిగే చిన్న చందమామ మీద దిగి, అక్కడి సంగతులు చెప్పడం దాని పని. దాన్ని పంపినవాళ్లు రెండు పేజీలు లోకానికంతటికీ తెరిచి పెట్టారు. ఒకదాంట్లో నౌక ఇంకా ఎంత దూరం పోవాలో, ఎంత వేగంతో పోతోందో అంకెలు పరుగెడుతుంటాయి. రెండోదాంట్లో భూమి మీద ఉన్న పెద్దపెద్ద డిష్షుల బొమ్మలుంటాయి. ఏ డిష్షు ఏ నౌకతో మాట్లాడుతోందో అక్కడ కనిపిస్తుంది. మనం మాట్లాడితే పైకి ఒక అల పోతుంది, అది మాట్లాడితే కిందికి ఒక అల వస్తుంది.

వీటి పిచ్చి నిజానికి అతనిది కాదు, అక్కది. అక్క టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. జీవితమంతా చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని వాళ్లనూ వీళ్లనూ కలిపింది, తనకని ఒక్క ఫోనూ రాలేదు. ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది, లోపల జబ్బు ముదిరింది. నౌక మాట మనకు చేరడానికి చాలాసేపు పడుతుందని రేడియోలో విని, పడీపడీ నవ్వింది. "గంటల తరబడి కాచుకునే మన ట్రంకు కాలు కన్నా నయమేరా" అంది. ఆనాటి నుంచీ పొద్దునా సాయంత్రమూ అతను మంచం పక్కన కూర్చుని అంకెలు చదివి, అలల సంగతీ చెప్పాల్సిందే.

మొన్నొకరోజు మందు మింగుతూ మామూలుగా అనేసింది. "అది దిగిందని వినేసి పోతానురా."

అప్పటి నుంచీ అతను రోజులు లెక్కపెడుతున్నాడు. దిగే రోజు ఈవేళే, బాగా చీకటిపడ్డాక.

అంతకంటే భయపెట్టే సంగతి ఇంకొకటుంది, అది అక్కకు చెప్పలేదు. నిన్నటి నుంచీ డిష్షుల పేజీలో పైకి అల పోతోందిగానీ కిందికి రావడం లేదు. నౌక ఉన్న దిక్కు ఒక డిష్షుకు కనుమరుగైతే ఇంకో దేశంలో ఇంకో డిష్షు అందుకుంటోంది, పిలుస్తోంది, ఊరుకుంటోంది. అయినా అతను ధైర్యం చెప్పుకున్నాడు. మొదటి పేజీలో దూరం తగ్గుతూనే ఉందిగా, నౌకకు ఏమైనా అయితే అంకెలు ఆగిపోవూ అనుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, తినకుండా ఫోనే చూస్తూ కూర్చున్నాడు. తరవాతి షిఫ్టు అతను కాస్త ముందే వచ్చి చెప్పులు విడుస్తుంటే ఫోను చేతికిచ్చాడు.

"కింద ఏదో సన్నగా రాశారు, నా కళ్లకి ఆనట్లేదు. చదివి పెట్టు."

వచ్చినతను ఫోను దగ్గరగా పెట్టుకుని చదివాడు. "ఇక్కడ చూపే దూరం, వేగం ముందుగా వేసిన దారిని బట్టి లెక్కగట్టినవి, నౌక నుంచి నేరుగా అందినవి కావు, అని ఉంది."

"అంటే?"

"అంటే అది ఉన్నా పోయినా ఈ అంకెలు తిరుగుతూనే ఉంటాయి పెద్దాయనా. మన ఆఫీసులో హాజరుపట్టీ లాగా." తన హాస్యానికి తనే నవ్వి, ఎదుటి మనిషి మొహం చూసి ఆపేశాడు. "ఏమైంది, ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది" అన్నాడు టకటకయ్య. అన్నం అలాగే మూత పెట్టేశాడు. ఎన్నో ఏళ్ల కిందటి కమురు వాసన ముక్కుకు తగిలినట్టయి, లేచి మోటారు దగ్గరికి వెళ్లి చూశాడు. మోటారు మామూలు వేడే ఉంది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ అతని ఆలోచన ఒకటే. దిగిందని చెబితే అక్క పోతుంది. నౌకే పోయిందని చెబితే ఇంకా ముందు పోతుంది. చెట్ల నీడలు రోడ్డుకు అడ్డంగా సాగాయి, దుకాణాల్లో ఒక్కొక్క దీపమే వెలుగుతోంది. వాటి వంక చూడకుండా అతను అబద్ధాన్ని మనసులో రెండుమూడు సార్లు అప్పజెప్పుకున్నాడు. అక్క లేని ఇంట్లోకి తాళం తీసుకుని వెళ్లడం ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా అతనికి ధైర్యం లేదు.

పక్కింటావిడ అప్పుడే మంచినీళ్లు తాగించి వెళ్లింది. అక్క దిండుకు చేరగిలబడి, గుమ్మం వైపు చెవి పెట్టి ఉంది. పొద్దుటికన్నా మొహం ఇంకా పీక్కుపోయింది.

"దిగడం వాయిదా వేశారటక్కా" అన్నాడు చెప్పులైనా విప్పకుండా. "ఇంకో నెల పైనే తిరిగి, అప్పుడు దిగుతుందట."

అక్క చెవి అతని వైపు తిప్పింది. గోడగడియారం ఒక్కటే వినపడుతోంది.

"కింది అల వస్తోందా?"

"వస్తోంది."

"ఒరేయ్, చచ్చిపోయిన లైనుకీ, అవతలి మనిషి ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న లైనుకీ తేడా తెలీకుండానే అన్నేళ్లు నౌకరీ చేశాననుకున్నావా? ఇంట్లోకి రాగానే నీ ఊపిరి విన్నాను. అల ఎప్పుడాగింది?"

అతను మంచం పట్టె మీద కూలబడ్డాడు. "నిన్న."

"మరి దూరం చదివావుగా పొద్దున?"

"అది వట్టి లెక్కటక్కా. ఇవాళే తెలిసింది. నిజంగా పొద్దున తెలీదు."

అక్క చెయ్యి తడుముకుంటూ వచ్చి అతని మోకాలు దొరకబుచ్చుకుంది. "పోనీలే. నేను మాత్రం? డాక్టరు చెప్పిన గడువు ఎప్పుడో దాటింది, నేనూ లెక్కకే నడుస్తున్నా."

"అలా అనకు."

"డిష్షులు ఇంకా పిలుస్తున్నాయా?"

అతను చూశాడు. ఎక్కడో ఒక డిష్షు నుంచి అల పైకి పోతోంది. "పిలుస్తున్నాయి."

"అదీ పద్ధతి. అవతలి మనిషి ఫోను పెట్టేదాకా మనం బోర్డులోంచి తీగ లాగకూడదు. మా సూపర్వైజరమ్మ మొట్టి మరీ నేర్పింది." కాసేపు ఆయాసం తీర్చుకుంది. "ఫోను నా చేతిలో పెట్టి, నువ్వెళ్లి కాసిని పాలు వెచ్చబెట్టు. లైను మీద ఎవరో ఒకరు ఉండాలిగా."

దూరం చూపే పేజీ తెరిచి ఫోను ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు ముడిచాడు. అవి చల్లగా ఉన్నాయి. చలికాలం కదా అనుకున్నాడు, అలా అనుకోవాలనే అనుకున్నాడు.

పాలు పొంగకుండా చూస్తూ వంటింట్లోంచి పలకరించాడు. "పంచదార వెయ్యనా అక్కా?" జవాబు రాలేదు. నిద్రపట్టి ఉంటుందని స్టవ్ తగ్గించాడు. కిటికీ బయట వెలుగు పోయింది. గడియారం చప్పుడు అంతకు ముందుకన్నా పెద్దగా వినిపించింది. అప్పుడు అతను పంచదార డబ్బా మూత పెట్టి, గ్లాసు పట్టుకుని, ఏమీ తొందర లేనట్టుగా నడిచి గదిలోకి వచ్చాడు.

అక్క తల ఫోను వైపు కొద్దిగా వాలి ఉంది, ఎవరిదో మాట వింటున్నట్టు. అతను గ్లాసు కింద పెట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తరవాత మణికట్టు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "అక్కా" అని ఒక్కసారి అన్నాడు, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

ఆమె వేళ్ల సందుల్లోంచి వెలుగు వస్తోంది. అలవాటు కొద్దీ గోటితో ఆ అద్దం మీద రెండుసార్లు కొట్టాడు. అంకెలు వణకలేదు, ఆమె అరచేతిలో దూరం నున్నగా తగ్గుతూనే ఉంది.