ఎవరికైనా తట్టేదే

కొల్లేటి అంచున చేపల చెరువు గట్టు మీద తడిసిన ప్లగ్గు పట్టుకుని తమ్ముడు ఖలీద్ చనిపోయాకే, ఎలక్ట్రీషియన్ హుస్సేన్ ఆ అడాప్టర్ తయారుచేశాడు. ప్లగ్గుకు తడి తగిలిందంటే చాలు, కరెంటు దానంతటదే ఆగిపోతుంది.

పేటెంటు విచారణ ఏలూరులో లాయరు రామనాథం గారి ఆఫీసు నుంచి వీడియోలో జరిగింది.

"ఈ ఆలోచన మీకెలా వచ్చిందండీ?" అని అడిగాడు అధికారి.

ఎంత కష్టపడ్డాడో చెప్పమని లాయరు ముందే నూరిపోశాడు. కానీ పెద్దల ముందు తన గొప్ప తానే చెప్పుకోమని ఏలూరులో ఏ తల్లి నేర్పింది గనక?

"అబ్బే, ఇందులో నాదేముందండీ! పని తెలిసిన ఎవరికైనా ఇట్టే తట్టేదేనండీ," అన్నాడు హుస్సేన్.

రామనాథం తల పట్టుకున్నాడు.

తర్వాత వచ్చిన తీర్పులో అధికారి ఆ మాటే రాశాడు. ఎవరికైనా తట్టేదాన్ని కొత్తగా కనిపెట్టినట్టు ఒప్పుకోరట.

ఆ తీర్పు తీసుకుని హుస్సేన్ ఇంటికి రాగానే ఖలీద్ భార్య వహీదా ఎదురొచ్చింది.

"ఒప్పుకోలేదమ్మా," అన్నాడు.

"ఎందుకటండీ?"

పని తెలిసినవాడికి ఇట్టే తట్టేదట. అంటే ఖలీద్ బతికుండగానే తనకు తట్టాల్సింది. "ఏవో కాగితాలు తక్కువయ్యాయటమ్మా," అన్నాడు హుస్సేన్.