సుప్రియ ఫోటో

మదనపల్లె దాటాక పుంగనూరు రోడ్డులో ఉన్న మా ఆడపిల్లల హాస్టలు బడిలో చదివి బయటికొచ్చినవాళ్ళకి ఒక రోగం ఉంది. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో హెడ్ మేడం "మీకొచ్చిన విద్య మన పిల్లలకి కాస్త పంచండమ్మా" అని మెసేజ్ పెట్టిందంటే చాలు, నేనంటే నేనని పేర్లు ఇచ్చేస్తాం. అందులో సేవ ఎంతో, గొప్పలు పోవడం ఎంతో మాకే తెలియదు. ఈసారి నర్సుగా చేస్తున్న రేష్మ ప్రథమ చికిత్స నేర్పుతానంది. కుప్పం నుంచి గంగాధర్ అనే ఆయన మా బడికి ఏమీ కాకపోయినా, పిలవగానే డప్పు నేర్పడానికి గెస్టుగా ఒప్పుకున్నాడు. నేను ఊరుకుంటానా? ప్రతి పిల్లకీ ఒక పెద్ద ఫోటో తీసి, ఇంటివాళ్ళు చూడటానికొచ్చే ఆదివారం వరండాలో తగిలిస్తానని, తర్వాత ఎవరి ఫోటో వాళ్ళు ఇంటికి తీసుకుపోవచ్చని రాశాను. ఆ మెసేజ్ కింద పడ్డ చప్పట్ల బొమ్మలు చూసుకుని ఆ పూటంతా మురిసిపోయాను.

నా పేరు అఫ్రీన్. పుంగనూరులో మా అబ్బా పెట్టిన స్టూడియో ఇప్పుడు నేను నడుపుతున్నాను. పెళ్ళిచూపుల ఫోటోలకి మాకు పెట్టింది పేరు. మా దగ్గర ఫోటో దిగితే సంబంధం కుదురుతుందని సోమల నుంచి, నిమ్మనపల్లె నుంచి కూడా వస్తారు. అందులో మహత్యం ఏమీ లేదు, అంతా టచప్. పిల్ల రంగు ఒక మెట్టు పెంచుతాను, మొటిమలు తుడిచేస్తాను, కళ్ళ కింద నలుపు తీసేస్తాను. ఎవరూ అడగరు, నేనూ చెప్పను. ఫోటో చూసుకున్న పిల్ల ముసిముసిగా నవ్వుతుంది, వాళ్ళమ్మ డబ్బులిస్తుంది. మా అబ్బా నెగటివ్ మీద పెన్సిలుతో చేసిన పనే నేను మౌస్‌తో చేస్తున్నాను.

ఫోటోలు తీసిన రోజు పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. ఒక్క పిల్ల మాత్రం వెనక నిలబడి, తన వంతు వచ్చినప్పుడల్లా పక్కదాన్ని ముందుకు పంపిస్తోంది. చున్నీని ఎడమ చెంప మీదికి లాగి పట్టుకుని ఉంది.

"అక్కా, అది సుప్రియ. ఫోటో దిగదు. గ్రూపు ఫోటోలో గూడా వెనకాల దాంకుంటాది" అని పిల్లలే చెప్పారు.

చిన్నప్పుడు వేడి గంజి పడిందట. ఎడమ చెంప నుంచి మెడ దాకా చర్మం ముడుచుకుపోయింది. తొమ్మిదో తరగతి, ఊరు సదుం దగ్గర. నాకు రోషం వచ్చింది. నేను తీయలేని మొహం ఉంటుందా?

"యాల పాపా, నా కెమెరా అంటే బయమా?" అన్నాను.

"ఆధార్ ఫోటో తీసేటాయన గూడా నన్ను సూసి మొగం తిప్పుకున్నాడక్కా."

"నేను తిప్పుకోను. సూడు, నిన్నే సూస్తాండాను. నువ్వు ఎట్లుండావో అట్లనే తీస్తా. బాగుండావు."

"నిజంగానా?"

"పొద్దస్తమానం మొగాలు సూసేదే కదా నా పని. బాగుండావు కాబట్టే చెప్తాండా."

 చున్నీ తీసి కుర్చీ మీద పెట్టి కెమెరా ఎదురుగా నిలబడింది. అప్పుడే అవతల గ్రౌండులో డప్పు నేర్చుకుంటున్న పిల్లలు దరువు తప్పి, తలా ఒక వైపు వాయించేశారు. సుప్రియ పకపకా నవ్వింది. నేను నొక్కాను. మచ్చతో సహా మొహమంతా నవ్వు. అలాంటి ఫోటో నాకు ఎప్పుడో గాని పడదు. కెమెరాలో చూపిస్తే కళ్ళు దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది.

"ఇదే తగిలిస్తావా అక్కా?"

"ఇదే."

"అయితే మా అమ్మను రమ్మని ఫోన్ చేస్తా. కాలినాక తీసిన ఫోటో మా ఇంట్లో ఒకటి గూడా లేదు."

స్టూడియోకి వచ్చి, అందరి ఫోటోలూ సరిచేసి, దాన్ని ఆఖరికి ఉంచుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. పొరపాటున చేశానంటే కాస్త నయంగా ఉండును. ప్రేమగా చేశాను. అందరికన్నా ఎక్కువసేపు ఆ పిల్ల దగ్గరే కూర్చుని, కుడి చెంపలోని నున్నటి చర్మాన్ని కొద్దికొద్దిగా తెచ్చి ఎడమ చెంప మీద పరిచాను. మెడ సరిచేశాను. ముడుచుకుపోయిన పెదవి కొసను విప్పి, రెండో వైపుకి సమానం చేశాను. అలవాటు కొద్దీ రంగు కూడా పెంచాను. ఇది చూసి ఆ పిల్ల ఏడ్చేస్తుందేమో, సంతోషం పట్టలేక నన్ను వాటేసుకుంటుందేమో అని ఊహించుకుంటూ చేశాను. అట్లనే తీస్తానని ఇచ్చిన మాట గుర్తుకే రాలేదు.

ఆదివారం పొద్దున్నే వరండాలో తాళ్ళు కట్టి, ఫోటోలన్నీ క్లిప్పులతో తగిలించాను. పిల్లలు గోలగోలగా చూసుకున్నారు. సుప్రియ వచ్చి తన ఫోటో ముందు నిలబడింది. నేను ఓరకంట చూస్తూ కాచుకున్నాను.  నా వైపు కూడా చూడకుండా కొళాయి దగ్గరికి వెళ్ళిపోయింది. సంతోషంతో మాట రాలేదు కాబోలు అనుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

పది గంటల బస్సులకి తల్లిదండ్రులు దిగారు. సన్నగా, ఎండకి కమిలిన ఒకావిడ చేతిలో గుడ్డసంచితో వరండా ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కో ఫోటో చూసుకుంటూ పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఈసారి ఇంకా నిదానంగా. చివరికి కెమెరా మెడలో వేసుకుని ఉన్న నన్ను చూసి ఆగింది.

"ఏమ్మా, ఫోటోలు తీసింది నువ్వేనా? నేను సుప్రియ వాళ్ళమ్మని, ఈశ్వరమ్మని. మా పాపది యాడుండాది? రెండు తూర్లు సూసినా, కానరాలేదు."

నవ్వుతూ చూపించబోయాను. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"తీసినారని అది ఫోన్ చేస్తే, కూలికి పోకుండా వచ్చినా. మొగం అట్లుండాదని పక్కన పెట్టేసినారా? పెట్టేసుంటే చెప్పమ్మా, ఏమీ అనుకోను. మాకు అలవాటే. నాకిస్తే ఇంటికెత్తుకుపోతా."

ఆ ఫోటో ఆవిడ భుజం పక్కనే వేలాడుతోంది. లేపిన చేయి గాలిలోనే ఆగిపోయింది. నా నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. కన్నతల్లి రెండుసార్లు ఎదురుగా నిలబడి కూడా బిడ్డను గుర్తుపట్టకుండా చేసిన గొప్పదాన్ని నేను.

ఎప్పుడొచ్చిందో, సుప్రియ తల్లి చేయి పట్టుకుంది. "నన్ను తీయలేదు లేమ్మా. నేనే వద్దంటి."

"తీసినారంటివే ఫోన్‌లో?"

"ఊరికే చెప్తి."

నన్ను కాపాడుతోందో, తనను కాపాడుకుంటోందో నాకు తెలియదు. కానీ ఆ మాట వినగానే నాకు హాయిగా ఊపిరి ఆడింది. అది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. ఈశ్వరమ్మ కూతుర్ని తిట్టడం మొదలుపెట్టింది, ఊరికే చెప్పి ఇంత దూరం రప్పిస్తావా, ఆటగా ఉండాదా నీకు అని. ఆ పిల్ల తల దించుకుని తిట్లు పడుతోంది. అప్పటికి గాని నా నోరు పెగల్లేదు.

"తీసినానమ్మా. ఇదే సుప్రియ."

ఈశ్వరమ్మ తిరిగి చూసింది. ఫోటోను చూసి కూతుర్ని చూసింది, మళ్ళీ ఫోటోను చూసింది. మచ్చ ఉండాల్సిన చోట వేలితో రాసి చూసింది, పైన ఏదన్నా అంటుకుందేమో అన్నట్టు.

"ఇది మా పాప కాదమ్మా" అంది. కోపంగా అని ఉంటే తట్టుకుని ఉందును. "బాగుండాది. ఎవురి బిడ్డో."

"అసలు ఫోటో నా కాడుండాదమ్మా. రేపే ప్రింటు తీసి..."

"వద్దక్కా" అంది సుప్రియ. "ఆ పొద్దు బాగుండావంటివి. నిజమనుకొని నవ్వితి. నచ్చలేదని ఆ పొద్దే చెప్పుంటే నవ్వకుండా ఉండేదాన్ని గదా."

 పక్కన నిలబడ్డ తల్లిదండ్రులు వినీ విననట్టు జరిగిపోయారు. మెడలో కెమెరా బరువుగా ఉంది. "ఇప్పుడే ఇంకోటి తీస్తాను, ఈడనే" అంటూ దాన్ని ఎత్తబోయాను.

"నువ్వొద్దులేమ్మా" అంది ఈశ్వరమ్మ మెత్తగానే. "ఈ సంచి పట్టుకో."

సంచి నా చేతికిచ్చి, జాకెట్లోంచి చిన్న ఫోను తీసి, కూతుర్ని వరండా స్తంభం పక్కన నిలబెట్టింది. ఎండ వెనక నుంచి పడుతోంది. మరీ దగ్గరగా నిలబడింది. ఫోను వంకరగా పట్టుకుంది. కాస్త వెనక్కి జరగమ్మా అనే మాట నాలుక చివరిదాకా వస్తే మింగేశాను.

"అమ్మా, యేలు అడ్డం పెట్టుకోనుండావు సూడు" అని సుప్రియ అంది. ఆవిడ వేలు తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది. కూతురు నవ్వాపుకోలేకపోయింది. ఆవిడ నొక్కింది.

తర్వాత నా దగ్గరికి వచ్చి ఫోను చూపించింది. "దీన్నే పెద్దది చేసి ఆడ తగిలించమ్మా. ఏమీ మార్చగాకు." చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. సరేనని, ఆ ఫోటో నా ఫోనుకి పంపించుకుని, సంచి తిరిగిచ్చాను.

సాయంత్రం స్టూడియోలో దాన్ని తెరిచాను. ఫోటో ఒక పక్కకి ఒరిగింది. సుప్రియ నడినెత్తి కోసుకుపోయింది. మచ్చ ఉంది, నవ్వు ఉంది. కింద మూలన వాళ్ళమ్మ వేలి కొస ఎర్రగా, మసకగా పడింది. ఆ వేలు తీసేయడం నాకు ఒక్క క్షణం పని. నాకు తెలియకుండానే మౌస్ అక్కడికి వెళ్ళిపోయింది. చెయ్యి వెనక్కి లాక్కుని, ఎవరైనా చూశారేమోనని తలుపు వైపు చూశాను.